అయ్యలందరూ అయిపోయాక

కిందటి వారం మనం మిరప కల్లంలో, చేటలో పడిన ఒక్క ఎర్రకాయ దగ్గర ఆగాం. ఆ కాయ ఇంకా అక్కడే ఉంది. ఎండకి కాస్త ముడతలు పడింది, అంతే.

ఆ చేట ముందు కూర్చున్నది సుబ్బరావమ్మ. మాఘమాసంలో ఇదే కల్లంలో, కాయలు తిరగేస్తూ తిరగేస్తూ నిలువునా కూలిపోయిన మనిషి. బ్రాడీపేట ఆసుపత్రి నుంచి తిరిగొచ్చేసరికి కుడిచెయ్యి, కుడికాలు, నోరు ఆమెవి కాకుండా పోయాయి. పోనీ తల ఊపుతుందా అంటే, ఆ తల గాలికి సజ్జకంకిలా ఎప్పుడూ ఊగుతూనే ఉంటుంది. అవునో కాదో తేలదు. పలకిచ్చి ఎడంచేత్తో రాయమంటే కోడి గీకినట్టు గీతలే. మనిషి లోపలే ఉంది, తలుపులకే బయట గొళ్ళెం పడిందని కోడలు నాగజ్యోతి నమ్మకం. మతి కూడా పోయిందని కొడుకు శివరామకృష్ణ అనుమానం.

ఆ గొళ్ళెం తీయడానికి కోడలికి దొరికింది అత్తగారి పాత ఆట.

ఒళ్ళు బాగున్న రోజుల్లో సుబ్బరావమ్మ, తాలు ఏరే ఆడవాళ్ళకి కునుకు పట్టకుండా రోజుకొక దాగుడుమాట పెట్టేది. పొద్దున్నే ఓ మాట మనసులో అనుకుని, ఏళ్ళుగా కల్లం పనిలో తోడున్న జాన్‌బీ చెవిలో ఊదేది. జాన్‌బీ సాక్షి. ప్రాణం పోయినా పైకి అనకూడదు. మాటలో ఎన్నక్షరాలుంటే చేట అంచున అన్ని చింతపిక్కలు పెట్టేది. ఇక ఎవరికి తోచిన మాట వాళ్ళు అనొచ్చు. అన్న మాటలోని అక్షరం సరైన చోట పడిందా, ఎర్రకాయ. అక్షరం ఉంది గానీ చోటు తప్పిందా, తెల్లబారిన తాలుకాయ. అసలే లేదా, కాయ ఊడిన ఉత్త ముచ్చిక. పొద్దుగూకే లోపల పట్టుకున్నవాళ్ళకి సుబ్బరావమ్మ చేతి తాంబూలం. ఎవరికీ దొరక్కపోతే ఆ మాట ఆమె కొంగున ముడిపడి ఇంటికి పోయేది. మళ్ళీ ఎవరికీ చెప్పేది కాదు.

ఇప్పుడు చెవిలో ఊదడానికి నోరు లేదు. ఎడంచెయ్యి ఉంది. కోడలు చేట ముందు పెట్టిన కొత్తలో ఆ చెయ్యి 'మజ్జిగ' అంది, 'దురద' అంది, 'దుప్పటి' అంది. అడిగినవన్నీ అందాయి. ఆ తర్వాత మూడు చింతపిక్కలు పెట్టి ఒకే మాట పట్టుకుని కూర్చుంది. రోజు మారినా మాట మారలేదు. పోయిన వారం చిట్టచివరి అక్షరానికి ఎర్రకాయ పడింది. 'య్య'.

అంటే మగవాడి పేరు.

అంతే, కల్లానికి తిరనాళ్ళ కళ వచ్చేసింది. తాలు ఏరే చేతులు ఆగిపోయాయి, నోళ్ళు లేచాయి.

"కోటయ్య!"

ముచ్చిక, ముచ్చిక, ఎర్రకాయ.

"పుల్లయ్య!"

అదే వరస.

"మా ఇంటాయన పేరు ఎవరన్నా అనండే, పుణ్యముంటది. నేను అనకూడదు కదా!"

"దానయ్యా?"

ముచ్చిక, ముచ్చిక, ఎర్రకాయ. "హమ్మయ్య, బతికాను" అని ఆ ఇల్లాలు గుండెల మీద చెయ్యేసుకుంటే, కల్లమంతా మిరప ఘాటు కోరు లేచినట్టు ఒకటే దగ్గు, నవ్వు.

వీరయ్య, సాంబయ్య, చెంచయ్య. ఊళ్ళో అయ్యలందరూ అయిపోయారు. పొరుగూరి అయ్యలూ అయిపోయారు. ఎవరిని పిలిచినా చివర ఒక్క ఎర్రకాయే.

నవ్వు గట్టు దాటితే ఊరుకుంటుందా? టీ బంకు దగ్గర ఎవడో "ఏరా శివా, మీ అమ్మ ఇయ్యాల ఏ అయ్యని పిలిచింది?" అన్నాడు. శివరామకృష్ణ తాగుతున్న గ్లాసు కింద పెట్టి ఇంటికొచ్చాడు. వచ్చీ రావడంతోనే పొన్నూరులో ఉన్న అక్కకి ఫోను చేశాడు. ఆదివారం సాయంత్రానికి, ఊళ్ళో అద్దెకి తిప్పే బాజీ కారు మాట్లాడాడు.

"ఇక్కడుంటే అమ్మని ఆటబొమ్మని చేస్తారు. అక్క చూసుకుంటది," అన్నాడు పెళ్ళాంతో.

అక్క ఎలా చూసుకుంటుందో నాగజ్యోతికి తెలుసు. బియ్యం బస్తాలు పేర్చిన వెనకగదిలో మంచం వేస్తుంది. వేళకి అన్నం, వేళకి మందు. వంక పెట్టడానికి ఉండదు. చేట మాత్రం ముందు పెట్టదు. గొళ్ళెం అలాగే తుప్పు పట్టిపోతుంది. ఈ ఇంట్లో తనని పేరు పెట్టి పిలిచి, జడ వేసి, కష్టం సుఖం అడిగిన ఒక్క మనిషి ఆ బస్తాల మధ్య ఆరిపోతుంది.

"ఈలోపల మాట దొరికితే?" అంది.

"దొరికితే అమ్మకి మతి ఉన్నట్టే. కారు అట్నుంచటే పంపించేస్తా. ఆ ముచ్చికల్లో ఏముందే జ్యోతీ? మజ్జిగ, దుప్పటి ఏదో కలిసొచ్చాయి. చేతికేది తగిలితే అది పెడతంది."

ఇవాళ ఆదివారం. నవ్వులు వద్దని శివరామకృష్ణ కూలీల్ని రావద్దన్నాడు. కల్లంలో అత్త, కోడలు, జాన్‌బీ తప్ప ఎవరూ లేరు.

మధ్యాహ్నపు మిరప కల్లం ఎలా ఉంటుందో చూసినవాళ్ళకి చెప్పక్కర్లేదు, చూడనివాళ్ళకి చెప్పినా ఎక్కదు. నల్లరేగడి మీద ఎరుపు ఆరబోసి, ఆ ఎరుపు మీద మళ్ళీ ఎండ ఆరబోసినట్టుంటుంది. కనుచూపు మేర నేల ఆవిరై సన్నగా ఊగుతూ ఉంటుంది. గాలి కదిలిందంటే కోరు గొంతులో గుచ్చుకుంటుంది. అందుకే కల్లాల్లో ఆడా మగా మూతికి గుడ్డ చుట్టుకునే తిరుగుతారు. కళ్ళు తప్ప మనిషి కనపడడు. రోడ్డు మీద పత్తి లారీ పోతే పింజలు ఊడి, దిగాలా వద్దా అని ఆలోచించుకుంటూ గాల్లో తేలి వస్తాయి.

కొబ్బరాకుల పందిరి కింద అత్త పక్కనే కూర్చున్న నాగజ్యోతికి కళ్ళు మూతలు పడ్డాయి. నిద్ర కాదు, మెలకువా కాదు. పింజలన్నీ కల్లం మీదికి వస్తున్నాయి. ఒక్కో పింజ మీద ఒక్కో అక్షరం. క, గ, మ, ర. ఒక్కొక్కటీ అత్త ఒళ్ళో వాలుతుంది, వాలగానే ముచ్చికై రాలిపోతుంది. ఒక్క పింజ మాత్రం దిగడం లేదు. సరిగ్గా అత్త తల మీద, అరచెయ్యంత ఎత్తులో నిలబడి ఉంది. దాని మీద ఏ అక్షరముందో చూద్దామని నాగజ్యోతి మెడ చాస్తోంది. అత్త మాత్రం తలెత్తి చూడదు. చూడకపోయినా, అది అక్కడే ఉందని ఆమెకి తెలుసు.

"అమ్మాయ్, మజ్జిగుందా?"

నాగజ్యోతి ఉలిక్కిపడి కళ్ళు తెరిచింది. గట్టు మీద పక్క కల్లం కాపలా మనిషి. ఈ ఏడు మాఘంలోనే కొత్తగా చేరాడు. కాస్త పెద్దవయసు. తలకీ మూతికీ కలిపి తువ్వాల చుట్టుకుని, రోజూ ఈ వేళకి వచ్చి ఇదే మాట అడుగుతాడు. గట్టు దాటి ఇవతలకి రాడు. నాగజ్యోతి చెంబు నిండా మజ్జిగ పోసి, ఉప్పురాయి వేసి అందించింది.

"చెంబు తర్వాత తెచ్చిస్తాలే తల్లీ," అన్నాడు. పందిరి కేసి, చేట కేసి ఓసారి చూసి వెళ్ళిపోయాడు.

జాన్‌బీ అంతవరకూ కాయలు తిరగేస్తూ ఉంది. వచ్చి చతికిలబడి, కొంగుతో మొహం తుడుచుకుంది.

"ఇంకా దొరకలేదా అమ్మాయ్?"

"నీకు తెలుసా పిన్నీ?"

"నా చెవిలో ఊదలేదుగా."

"ఊదకపోయినా?"

జాన్‌బీ ఆ మాట విననట్టు ఓ మిరపకాయ తీసి ముచ్చిక గిల్లింది. "కాయలు తిరగేసేటప్పుడు నడి కల్లం మీద నడుస్తాం, అంచులు తిరుగుతాం. ఏదో ఒక మూల కాలు పడదు. బూజు ఆ మూలే పడతది. మీరంతా ఏ మూల తొక్కలేదో చూసుకో. సాక్షిని, ఇంతకన్నా అంటే తప్పు."

తొక్కని మూల.

నాగజ్యోతి తాము అన్న పేర్లన్నీ మనసులో వెనక్కి తిప్పింది. క నుంచి మొదలుపెట్టి అన్నీ తొక్కారు. ఇ, ఉ, ఎ కూడా అయ్యాయి. మరేం మిగిలింది?

మిగిలింది కనపడగానే ఆమెకి వీపు మీద చెమట చల్లబడింది.

దాగుడుమాట ఆడేవాళ్ళందరికీ ఒక కిటుకు తెలుసు. సుబ్బరావమ్మ మాటల్లో 'ఆ' ఉండదు. ఆ అక్షరం వెతకడం దండగ. కాపరానికొచ్చిన తొలివారంలోనే నాగజ్యోతికీ తెలిసింది. ఆవకాయని 'మావిడికాయ పచ్చడి' అంటుంది అత్త. ఆవుని 'పాడిగొడ్డు' అంటుంది. ఆకలేస్తే 'కడుపు కాల్తంది' అంటుంది. ఆదివారమైతే 'బడి సెలవు రోజు'. ఎందుకని ఎవరూ అడగలేదు, అడగాల్సిన పనీ లేదు. కట్టుకున్నవాడి పేరు ఆ అక్షరంతో మొదలవుతుంది. పేరు అంటే ఆయుష్షు తరిగిపోతుందని సుబ్బరావమ్మ భయం. పేరు అనదు, ఆయన ఎదురొస్తే కూర్చుని ఉండదు. అదీ ఆమె పద్ధతి.

ఆ ఆయన, కొడుకు శివరామకృష్ణ పలక పట్టే వయసులో ఉండగా, గుంటూరు పోయే మిర్చి లారీ ఎక్కి, మళ్ళీ దిగలేదు. దాచేపల్లి వైపు సిమెంటు ఫ్యాక్టరీ దగ్గర ఇంకో కాపురం ఉందన్నారు. చూశామన్నవాళ్ళున్నారు, తీసుకొచ్చినవాళ్ళు లేరు. సుబ్బరావమ్మ బొట్టు తీయలేదు, 'ఆ' అనే అక్షరం నోట రానివ్వలేదు. కొడుకు మాత్రం మీసాలొచ్చిన రోజున చెప్పేశాడు, ఆ పేరు ఇక ఈ ఇంట్లో వినపడకూడదని.

కిటుకు తెలిసినవాళ్ళంతా ఆ కిటుకు వల్లే గుడ్డివాళ్ళయ్యారు.

"అత్తయ్యా," అంది నాగజ్యోతి. నేరుగా అనలేక పోపుల డబ్బాలోంచి ఓ మాట తీసింది. "ఆవాలు."

సుబ్బరావమ్మ ఎడంచెయ్యి చేటలోకి వెళ్ళింది. ఎడంచేత్తో ఇవ్వడం తప్పని ఆమెకి ఇప్పటికీ సిగ్గే, కొంగు చాటు చేసుకుని పెడుతుంది. ఇవాళ చాటు చేసుకోలేదు. మొదటి పిక్క కింద ఎర్రకాయ పెట్టింది. మిగతా రెండింటికీ ముచ్చికలు. అయ్యాక ఊపిరి పీల్చింది, నీళ్ళలోంచి తల పైకెత్తిన మనిషిలా.

మొదట ఆ. చివర య్య. మధ్యలో ఒక్కటే ఖాళీ. ఆ ఖాళీలో ఏముందో నాగజ్యోతికి తెలుసు. అయినా నాలుక కదల్లేదు. మామగారి పేరు కోడలు అనడమా?

అప్పుడే డొంకలో దుమ్ము లేచింది. బాజీ కారు దూరంగా తుమ్మచెట్టు కింద ఆగింది. శివరామకృష్ణ దిగి, చెప్పులు చేత్తో పట్టుకుని, కాయలు తొక్కకుండా, అవి ఆరబోసిన పట్టాల మధ్య నుంచి నడిచి వచ్చాడు.

"బట్టలు సర్దావా?"

"మాట దొరికిందండీ."

"ఏంటది?"

"నేననను."

అతను పెళ్ళాం కేసి, తల్లి కేసి, జాన్‌బీ కేసి చూశాడు. "దొరికిందంటావు, అననంటావు. అత్తాకోడళ్ళు కలిసి నన్ను ఎర్రోణ్ణి చేస్తన్నారా? బాజీ మళ్ళీ చీకటి పడకుండా రావాలి. పట్టు, ఆ భుజం పట్టు."

నాగజ్యోతి కదల్లేదు. చేటలోని చెత్తంతా ఏరేసి, రెండు ఎర్రకాయలు మిగిల్చి, మధ్యలో చోటు వదిలి అతని వైపు తిప్పింది. "మొదట ఆ. చివర య్య. మధ్యలోది మీరు చెప్పండి. చెప్పి, కారు ఎక్కించండి. నేనే సర్దుతా."

శివరామకృష్ణ చేట కేసి చూశాడు. చూస్తుండగానే చెవులు ఎర్రబడ్డాయి.

"ఆ పేరు ఇంట్లో ఎవరూ అనకూడదని చెప్పానా లేదా?"

"ఎవరూ అనలేదండీ. అత్తయ్య కూడా అనలేదు. కాయలు పెట్టింది."

"ఎందుకు పెట్టాలి?" అతని గొంతు కల్లం దాటి గట్టుకి తగిలింది. "బళ్ళో తండ్రి పేరేంట్రా అంటే నోరు పెగలక నిలబడ్డోణ్ణి నేను. నా పెళ్ళికి పీటల మీద మావయ్య కూర్చున్నాడు. జొరమొచ్చినా నేనే, అప్పులోళ్ళొచ్చినా నేనే. ఇన్నేళ్ళూ కళ్ళముందున్న కొడుకు పేరు ఒక్కనాడు పెట్టావా అమ్మా దాగుడుమాట? శివా అనుకున్నావా? లేచిపోయినోడి పేరు కావాల్సొచ్చిందా?"

సుబ్బరావమ్మ కళ్ళ నుంచి నీళ్ళు కారి, వంకరపోయిన మూతి పక్క నుంచి జారాయి. చెయ్యి మాత్రం వెనక్కి తీసుకోలేదు. ఓ ఎర్రకాయ పట్టుకుని, కొడుకు వైపు చాచి, అలాగే ఉంచింది. నడుస్తున్న పిల్లాడికి దూరం నుంచి బెల్లంముక్క చూపించినట్టు.

ఎంతసేపు చాచిందో. పత్తి పింజ ఒకటి వచ్చి ఆ చేతి మీద వాలి, మళ్ళీ లేచిపోయింది.

"కూర్చో నాయనా," అంది జాన్‌బీ మెల్లగా. "నిలబడి ఆడే ఆట కాదిది."

అతను చేతిలోని చెప్పులు పక్కన పెట్టాడు. చేట ముందు గొంతుక్కూర్చుని, పెదాలు తడుపుకుని, పలక మీద అక్షరాలు కూడబలుక్కునే పిల్లాడిలా అన్నాడు.

"ఆ... దె... య్య."

మధ్యలో మూడో ఎర్రకాయ పడింది. చప్పుడు కూడా లేదు. అయినా అక్కడున్నవాళ్ళకి గొళ్ళెం తీసినట్టే వినిపించింది.

శివరామకృష్ణ రెండు చేతులతో మొహం కప్పుకున్నాడు. ఆ చేతుల వెనక నుంచే, "బాజీకి చెప్పు జ్యోతీ, కారు తీసుకుపొమ్మను," అన్నాడు.

నాగజ్యోతి లేవబోయింది. సుబ్బరావమ్మ చెయ్యి ఆమె చీర కుచ్చిళ్ళు పట్టుకుని ఆపింది. అదే చెయ్యి చేటలోని మూడు కాయల్నీ పక్కకి తోసేసింది. చింతపిక్కలు కదిపి, మళ్ళీ వరసగా పేర్చింది. మూడు.

"ఇంకో మాటా అత్తయ్యా?"

చెయ్యి చేట అంచు మీద రెండుసార్లు తట్టింది. ఆటలో దానర్థం అందరికీ తెలుసు. కానివ్వండి.

"ఏముంది ఇంక?" శివరామకృష్ణ మొహం మీద చేతులు తీశాడు. కళ్ళు మిరపకాయల్లా ఉన్నాయి. "ఆదెయ్య ఏమయ్యాడు? పోయాడు. అంతేగా?"

పోయాడు. ముచ్చిక, ముచ్చిక. చివర 'డు'కి ఎర్రకాయ.

ఆ ఎర్రకాయ చూడగానే అతనికి పంతం వచ్చింది. పళ్ళ మధ్య నుంచి, ఉమ్మేసినట్టు, "అయితే చచ్చాడు," అన్నాడు.

జాన్‌బీ చెవులు మూసుకుంది. బొట్టున్న ఆడమనిషి ముందు అనే మాట కాదది. సుబ్బరావమ్మ మాత్రం బెదరలేదు. ఆట ఆటే. మొదటి పిక్క కింద ముచ్చిక పెట్టింది. రెండో పిక్క కింద ఎర్రకాయ. మూడో పిక్క కింద ఎర్రకాయ.

మొదటి అక్షరమే తప్పు.

పొద్దు వాలి కల్లం మీద ఎరుపు ఇంకాస్త చిక్కబడింది. ఎక్కడ కాయలు అయిపోయాయో, ఎక్కడ ఆకాశం మొదలైందో తెలియడం లేదు. ఇది కూడా ఇందాకటి మగతేనేమో, తను ఇంకా లేవలేదేమో అనుకుంది నాగజ్యోతి. ఆ మగతలో దిగకుండా నిలబడ్డ పింజ ఇప్పుడు మెల్లగా దిగుతున్నట్టు అనిపించింది. నోరు దానంతటదే తెరుచుకుంది.

"వచ్చాడు."

సుబ్బరావమ్మ మొదటి పిక్క కింది ముచ్చిక తీసేసి ఎర్రకాయ పెట్టింది.

శివరామకృష్ణ తటాలున లేచాడు. "ఎప్పుడొచ్చాడు? ఎక్కడికొచ్చాడు?"

చెయ్యి లేచి, కల్లం అవతలి మూల చూపించింది. మాఘంలో తను కూలిపోయిన చోటు. గట్టు పక్కనే.

"ఆ రోజు నువ్వున్నావుగా పిన్నీ," నాగజ్యోతి జాన్‌బీ మోచెయ్యి పట్టుకుంది. "అత్తయ్య ఎవర్ని చూసి పడిపోయింది? వచ్చినాయన ఎటు పోయాడు?"

జాన్‌బీ ఒళ్ళో ముచ్చికలు దులుపుకుంది. సాక్షి మొహంలో నెలల నాటి బరువు దిగుతోంది.

"మాట దొరికింది కాబట్టి ఇంక తప్పులేదు. పోయాడని ఎవరన్నారమ్మాయ్? ఇందాక నీ మొగుడు 'పోయాడు' అంటే ముచ్చికే పడింది, చూళ్ళేదూ?"

గట్టు మీద అడుగుల చప్పుడైంది.

"అమ్మాయ్, చెంబు!"

రోజూ వినే గొంతే. నాగజ్యోతి తల తిప్పింది. తువ్వాల చుట్టుకున్న కాపలా మనిషి, తోమి తెల్లగా మెరుస్తున్న చెంబు పట్టుకుని, గట్టుకి అవతలే నిలబడి ఉన్నాడు. కారునీ, పందిరి కింద లేచి నిలబడ్డ శివరామకృష్ణనీ చూసి ఆగిపోయాడు.

పక్కన ఏదో ఒరిగిన చప్పుడు. చేట తిరగబడి ఎర్రకాయలు నేల మీద దొర్లాయి. ఇద్దరు పట్టి లేపితే గానీ కదలని సుబ్బరావమ్మ, ఎడం అరచెయ్యి నేలకి ఆనించి, పందిరి గుంజకి భుజం మోపి, ఎవరి సాయమూ అడగకుండా లేచి నిలబడబోతోంది.